ఒకే బీరు, రెండు చేదు లెక్కలు

ఒక బీరు తయారీని లెక్కకు తీసుకుందాం. 20 లీటర్ల వర్ట్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి తీసిన తియ్యటి ద్రవం. దాని సాపేక్ష సాంద్రత 1.050. అందులో 6 శాతం ఆల్ఫా ఆమ్లాలున్న హాప్స్ 30 గ్రాములు వేసి గంటసేపు మరిగిస్తాం. ఈ వివరాలన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తే చేదు 21 యూనిట్లని చూపిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఒకే ఒక్క పేరు మారిస్తే అదే సాఫ్ట్‌వేర్ 28 అంటుంది. హాప్స్ మారలేదు, నీళ్లు మారలేదు, మంట మారలేదు.

ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలా అని ఆలోచించేటప్పుడు స్క్రీన్ అందం, ఫోన్‌లో పనిచేస్తుందా లేదా, ధర ఎంత అన్నవి చూస్తారు. అవీ చూడాల్సినవే. కానీ లోపల ఏ సూత్రం నడుస్తోంది, అందులో మన సొంత కొలతలకు చోటుందా అన్నది ముందు చూడాలని నా అభిప్రాయం.

హాప్స్ ఒక తీగకు పూసే పచ్చటి పూలు. వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. మరుగుతున్న వర్ట్‌లో వాటి అణువుల అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి. బీరుకు చేదునిచ్చేవి ప్రధానంగా ఇవే. వేసినదంతా ఇలా మారదు. మారినదాంట్లోనూ కొంత నురుగుతో, కొంత ఈస్ట్‌తో పోతుంది. చివరికి బీరులో మిగిలేది ఎంత? ప్రయోగశాలలో అయితే బీరుకు ఆమ్లం కలిపి, చేదు పదార్థాలను ఐసో ఆక్టేన్ అనే ద్రావణిలోకి లాగి, అది 275 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి, ఆ అంకెను 50తో గుణిస్తారు. వచ్చేదే ఐబీయూ, అంటే చేదు యూనిట్. ఇంట్లో ఆ పరికరం ఉండదు కాబట్టి అంచనా సూత్రాలు పుట్టుకొచ్చాయి.

జాకీ రేగర్ 1990లో అమెరికా హోమ్‌బ్రూయర్ల పత్రిక జైమర్జీలో ఒక పట్టిక ప్రచురించాడు. ఎన్ని నిమిషాలు మరిగిస్తే ఎంత శాతం చేదు దక్కుతుందో అందులో ఉంటుంది. దాని ఆధారంగా సాఫ్ట్‌వేర్ వాడే సూత్రం ప్రకారం గంట మరిగితే దాదాపు 31 శాతం. తర్వాత గ్లెన్ టిన్సెత్ ఇచ్చిన సూత్రం ప్రకారం, పైన చెప్పిన సాంద్రత దగ్గర, గంటకు దక్కేది 23 శాతమే. మన బీరులో వేసిన ఆల్ఫా ఆమ్లాలు లీటరుకు 90 మిల్లీగ్రాములు. ఈ సూత్రాలు లీటరుకు ఒక మిల్లీగ్రామును ఒక యూనిట్‌గా లెక్కిస్తాయి కాబట్టి, దాంట్లో 31 శాతమంటే 28, 23 శాతమంటే 21. మొదట చూసిన తేడా ఇక్కడిదే.

ఈ తేడా ఎప్పుడూ ఒకే వైపు మొగ్గదు. అవే హాప్స్‌ను చివరి పది నిమిషాలకు వేస్తే టిన్సెత్ లెక్కలో 8 శాతానికి కాస్త పైన దక్కుతుంది, రేగర్ లెక్కలో 7 శాతం కూడా రాదు. కాబట్టి ఒక సూత్రం అంకెను ఏదో ఒక స్థిరసంఖ్యతో గుణించి రెండోదానిలోకి మార్చడం కుదరదు. పుస్తకంలో రేగర్ పద్ధతిలో రాసిన చేదు అంకెను పట్టుకుని, టిన్సెత్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె వచ్చేదాకా హాప్స్ పెంచితే, గంట మరిగించే హాప్స్ మూడోవంతు ఎక్కువ పడతాయి. నాలుక మీద అది స్పష్టంగా తెలిసేంత తేడా. రెండింట్లో ఏది సరైనదన్న దానికంటే, ఒకదాన్ని ఎంచుకుని దానితోనే ఉండిపోవడం ముఖ్యం. అప్పుడు మీ గిన్నెలో 30 అంటే ఎంత చేదో మీ నాలుకకు తెలిసిపోతుంది.

పిండిపదార్థం లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మామూలు లేత రంగు మాల్ట్ కిలోలో ఉన్న సారమంతా లీటరు వర్ట్‌లోకి దిగితే సాంద్రత సుమారు 300 పాయింట్లు పెరుగుతుంది. 5 కిలోల మాల్ట్‌తో 20 లీటర్లు చేస్తే 75 పాయింట్లు, అంటే 1.075 రావాలి. ఎవరికీ రాదు. గింజను ఎంత మెత్తగా మర పట్టించారు, వేడినీళ్లలో ఎంతసేపు నానబెట్టారు, ఎంత ఓపిగ్గా కడిగి వడగట్టారు అన్నదాన్ని బట్టి 60 శాతమో, 72 శాతమో దిగుతుంది. దీన్నే సామర్థ్యం అంటారు. 72 అయితే 1.054, 60 అయితే 1.045. అందులో నాలుగింట మూడు వంతుల చక్కెరను ఈస్ట్ తినేసిందనుకుంటే మొదటి బీరులో ఆల్కహాల్ 5.3 శాతం, రెండోదాంట్లో 4.4 శాతం. చాలా సాఫ్ట్‌వేర్‌లు 70 శాతానికి అటూఇటూగా ఏదో ఒక అంకె ముందే వేసి ఉంచుతాయి. కొత్తవాళ్లు దాన్నే వేదమనుకుంటారు. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ ఒకే ఎసరు సరిపోనట్టే, ఇంకొకరి సామర్థ్యం మీ గిన్నెకు సరిపోదు. మొదట రెండుమూడు సార్లు చేసిన బీర్ల కొలతలు రాసుకుని, ఆ అంకెను మీదిగా మార్చుకోవాలి. గంటలో ఎన్ని లీటర్లు ఆవిరవుతాయి, గిన్నె అడుగున ఎంత మిగిలిపోతుంది అన్నవి కూడా అంతే. 1.045 సాంద్రత ఉన్న 24 లీటర్లు మరిగి 20 లీటర్లయితే 1.054 అవుతుంది. ఇలాంటి వివరాలను పరికరాల ప్రొఫైల్‌గా దాచుకోనివ్వని సాఫ్ట్‌వేర్‌ను నేనైతే కొనను.

కొలతంటే బీరు పరిశ్రమకు కొత్త కాదు. ఇంగ్లండ్‌లోని హల్ నగరానికి చెందిన జాన్ రిచర్డ్‌సన్ 1784లోనే ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో మాల్ట్ విలువ కట్టడం గురించి పుస్తకం రాశాడు. పీహెచ్ స్కేలును 1909లో సోరెన్‌సెన్ రూపొందించింది కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. గణాంకశాస్త్రంలో టీ పరీక్షకు మూలమైన 1908 నాటి పత్రాన్ని స్టూడెంట్ అనే మారుపేరుతో రాసిన విలియం గాసెట్ గిన్నెస్ కంపెనీ ఉద్యోగి. ఇంట్లో ఒక్క బకెట్ బీరు చేసుకునే మనిషి చేతిలోకి ఇప్పుడు ఇదంతా ఫోన్ రూపంలో వచ్చి కూర్చుంది. ఎంత గొప్ప సంగతి!

మీ హైడ్రోమీటర్ 20 డిగ్రీల సెల్సియస్‌కు తయారైనదైతే, 32 డిగ్రీల వేడి వర్ట్‌లో సుమారు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని దిద్దుతుంది, కానీ మీ పరికరం ఏ ఉష్ణోగ్రతకు తయారైందో దానికి మీరే చెప్పాలి. అమెరికాలో 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తయారైనవీ దొరుకుతాయి. ఆల్కహాల్ లెక్క మాత్రం తేలిక. తొలి సాంద్రతలోంచి చివరిది తీసేసి 131.25తో గుణిస్తే చాలు, దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇక పేర్లకు వస్తే, బీర్‌స్మిత్ కంప్యూటర్‌లో నడిచే పాతకాపు. ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది, ప్రతి అంకెనూ మార్చుకోనిస్తుంది, అయితే మొదట్లో తికమక పెడుతుంది. బ్రూఫాదర్ ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. పులిసే వర్ట్‌లో తేలుతూ, తాను వంగిన కోణాన్ని బట్టి సాంద్రత చెప్పే ఐస్పిండెల్, టిల్ట్ లాంటి పరికరాల నుంచి రీడింగులు నేరుగా అందుకుంటుంది. బ్రూటార్గెట్ ఉచితం, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చదవొచ్చు. లెక్క ఎలా జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్న తెలుగు ఇంజినీర్లకు నేను చెప్పేది ఇదే. బ్రూటార్గెట్‌తో మొదలుపెట్టి, సూత్రాలు అర్థమయ్యాక కావాలంటే మిగతావాటికి వెళ్లండి.

ఏది తీసుకున్నా, రాసుకున్నది బయటికి తీసుకునే దారి ఉండాలి. ఈ శతాబ్దం మొదట్లో ప్రోమాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎంతో పేరుండేది. తర్వాత దాని అభివృద్ధి ఆగిపోయింది, వాడినవాళ్లు తమ రికార్డులను వేరేచోటికి మార్చుకోవాల్సి వచ్చింది. ఈ బాధ తప్పించడానికే బీర్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి ఉంది. అందులో బరువు కిలోల్లో, ద్రవం లీటర్లలో, వేడి సెల్సియస్‌లోనే రాయాలి. దాంతో గ్యాలన్ల గందరగోళం పోతుంది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. ఐదు గ్యాలన్లంటే ఒకచోట 18.9 లీటర్లు, మరోచోట 22.7. చేదుకు ఏ సూత్రం వాడారో రాసే గడి కూడా ఆ ఫైలులో ఉంది, కానీ తప్పనిసరి కాదు. అందుకే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి ఫైలు పంపాక చేదు అంకెను మళ్లీ చూసుకోవాలి.

ఇదంతా చట్టం ఒప్పుకున్నచోట చేసే పని. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరాన్ని 1963లో తీసేశారు. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా చేసుకోనిచ్చింది. రాష్ట్రాలన్నీ ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. ఆఖరున వచ్చినవి మిసిసిపీ, అలబామా. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలు లైసెన్సుతో నడిచేవి, ఆ అనుమతి ఇంటికి వర్తించదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. క్యాల్షియం, బైకార్బనేట్ అంకెలు లేకుండా సాఫ్ట్‌వేర్‌లోని నీటి పేజీ ఎందుకూ పనికిరాదు. ఊరి నీటి సరఫరా సంస్థ ఏటా పంపే నివేదికలో అవి చాలాసార్లు ఉండవు. అందుకని చాలామంది నెబ్రాస్కాలోని వార్డ్ ల్యాబొరేటరీస్‌కు నమూనా పంపి పరీక్ష చేయించుకుంటారు. ఆ నివేదికలో సల్ఫేట్‌ను అందులోని గంధకం బరువుగా రాస్తారు. సాఫ్ట్‌వేర్ అడిగేది మొత్తం సల్ఫేట్ బరువు. గంధకం పరమాణు భారం 32, మొత్తం సల్ఫేట్ అయాన్ భారం 96. అందుకని ఆ అంకెను 3తో గుణించి గానీ గడిలో ఎక్కించకూడదు.