నారింజ దుస్తుల్లో అయిదుగురు

లండన్ మహానగరానికి ఆగ్నేయాన, థేమ్స్ నది సమీపంలోని చిత్తడి నేలపై థేమ్స్‌మీడ్ అనే కాంక్రీటు పట్టణం ఉంది. 1960ల్లో దానికి రూపకల్పన చేసినవారు దాన్ని భావియుగ నగరంగా ఊహించారు. వరదభయం వల్ల నివాసపు గదులను నేలమట్టానికి ఎత్తుగా ఉంచి, ఇళ్ల నడుమ వంతెనల వంటి కాలిబాటలు నిర్మించారు. మధ్యలో ఒక సరస్సు ఏర్పరచారు. కాలక్రమాన ఆ కలకు బూజు పట్టింది. స్టాన్లీ కుబ్రిక్ 1971 నాటి తన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ చిత్రంలో దారితప్పిన యువకులను నడిపించింది ఈ సరస్సు గట్టునే. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత మరో అయిదుగురు అక్కడికే వచ్చారు, నారింజరంగు పని దుస్తులు తొడుక్కుని.

2009 నవంబరు 12న బ్రిటన్‌లోని ఇ4 ఛానల్‌లో ప్రారంభమైన ‘మిస్‌ఫిట్స్’ హాస్య ధారావాహికలో వీరే నాయకులు. హోవర్డ్ ఓవర్‌మన్ దాని సృష్టికర్త. చిల్లర నేరాలకు సమాజసేవ శిక్షగా పడిన వీరు బెంచీలకు రంగులు వేస్తూ ఉంటారు. ఇంతలో ఆకాశం విరుచుకుపడినట్లు వడగళ్ల వాన, పిడుగు. తేరుకునేసరికి వారికి అద్భుత శక్తులు సంక్రమించాయి.

మన పురాణాల్లో సిద్ధులు తపస్సుకు ఫలం. ఇక్కడ తపస్సు లేదు, కోరిక లేదు. ఉన్నదల్లా ఎవరి పుండు మీద వారికి కారం చల్లే వరం. లోకం తన్నెలా చూస్తుందోనని లోలోపల కుమిలే కెల్లీకి ఎదుటివారి ఆలోచనలు వినిపిస్తాయి. ఎవరి కంటికీ ఆనని బిడియస్థుడు సైమన్ నిజంగానే అదృశ్యుడవుతాడు. మాదకద్రవ్యాల కేసులో ఇరుక్కుని పరుగుపందేల భవిష్యత్తును పోగొట్టుకున్న కర్టిస్, పశ్చాత్తాపం ముంచెత్తినప్పుడు కాలాన్ని వెనక్కి తిప్పగలడు. తన అందం మీద అపార విశ్వాసమున్న అలీషాను తాకినవారు కామోన్మత్తులవుతారు. భస్మాసురుని హస్తం వంటిదే అది. ప్రేమించినవాణ్ణి కూడా ఆమె తాకలేదు. అయిదోవాడు నాథన్. నోటికి అదుపులేని ఈ వాచాలుడికి మాత్రం ఏ శక్తీ వచ్చినట్లు కనిపించదు.

అమెరికా సాహసవీరుల వలె వీరు లోకాన్ని ఉద్ధరించరు. తుపాను ప్రభావంతో మతి చలించి మీద పడిన పర్యవేక్షకుణ్ణి ఆత్మరక్షణలో చంపి, శవాన్ని ఎక్కడ దాచాలా అని తగవులాడుకుంటారు. భాష మోటు, శృంగారం బాహాటం. కుటుంబమంతా కలిసి కూర్చుని చూడదగినది కాదు. అయినా 2010లో దీనికి ఉత్తమ నాటక ధారావాహికగా బాఫ్తా పురస్కారం లభించింది. మరుసటి ఏడు కెల్లీ పాత్రధారిణి లారెన్ సోచా ఉత్తమ సహాయనటి అయింది. నాథన్‌గా నటించిన రాబర్ట్ షీహన్ రెండో శ్రేణి అనంతరం తప్పుకున్నాడు. 2013 డిసెంబరు దాకా అయిదు శ్రేణులు నడిచినా, ఆదిలోని పదును చివరిదాకా నిలవలేదనే చెప్పాలి.

ఆ పదును ఎక్కడిదో గ్రహించాలంటే నాటి బ్రిటన్ వాతావరణం తెలియాలి. సంఘవ్యతిరేక ప్రవర్తనను అరికట్టే ఉత్తర్వులకు 1998లోనే చట్టం వచ్చింది. 2005లో కెంట్ ప్రాంతపు విపణి సముదాయం ఒకటి తలముసుగు వేసుకుని తిరగడాన్ని నిషేధించింది. ముసుగు చొక్కాలోని కుర్రవాడు కనబడితే పెద్దలు దారి మార్చుకునే కాలమది.

మొదటి శ్రేణి చివరి భాగం ఈ భయాన్నే తలకిందులు చేస్తుంది. రేచల్ అనే అమ్మాయికి మాటతో మనుషుల్ని మార్చే శక్తి అబ్బుతుంది. తాగుడు, తిరుగుడు మాని కుర్రకారంతా మెడదాకా బొత్తాలు పెట్టుకుని బుద్ధిమంతులైపోతారు. నాథన్ మిత్రులూ మారిపోతారు. పెద్దలు కోరుకున్న యువతరం సిద్ధించిందన్నమాట. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఒంటరిగా మిగిలిన నాథన్ మేడపైకెక్కి, తప్పులు చేయడం యౌవనపు హక్కు అని వాదిస్తాడు. ఏ పెద్దమనిషి నోటా రాని ఆ మాట తుంటరి నోట రావడంలోనే నాటకీయత ఉంది. పెనుగులాటలో ఇద్దరూ కిందపడతారు. నాథన్ ఇనుపకంచె మీద పడి మరణిస్తాడు. అంత్యక్రియలు ముగుస్తాయి.

పిమ్మట చీకటి శవపేటికలో నాథన్ కళ్లు తెరుస్తాడు. అతని శక్తి చావులేకపోవడం. కాని పైన మట్టి కప్పేశారు; 2010 నవంబరులో రెండో శ్రేణి మొదలయ్యేదాకా ప్రేక్షకులు అతణ్ణి అక్కడే వదిలి ఉండవలసి వచ్చింది.