గుర్రం ఎక్కితే గుండె బరువు దిగుతుందా?

మీరు గుర్రాన్ని ఆఖరుసారి దగ్గరగా చూసింది ఎప్పుడు? ఊటీలో పిల్లవాణ్ణి ఎక్కించి ఫోటో తీయించినప్పుడో, చెన్నై మెరీనా ఒడ్డునో అయివుంటుంది. జట్కా బళ్ళు తిరిగిన రోజుల్లో గుర్రం మన వీధిలోదే. ఇప్పుడు దాని వీపు మీద పది నిమిషాలు కూర్చోవాలంటే డబ్బు చెల్లించాలి.

ఆ గుర్రం వైద్యుల మాటల్లోకి ఎలా వచ్చిందో వినండి. డెన్మార్కులో లిస్ హార్టెల్ అనే ఆమె స్వారీలో దిట్ట. 1944లో, 23 ఏళ్ళ వయసులో, గర్భవతిగా ఉండగా ఆమెకు పోలియో సోకింది. బిడ్డ క్షేమంగానే పుట్టింది కాని, తల్లికి మోకాళ్ళ కింది భాగం చచ్చుబడిపోయింది. ఎవరైనా ఎత్తి జీను మీద కూర్చోబెడితే చాలు, నడుముతోనూ ఒంటి బరువుతోనూ గుర్రానికి సంజ్ఞలు చెయ్యడం ఆమె నేర్చుకుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, స్త్రీలను ఆ పోటీలోకి రానిచ్చిన మొదటిసారే, జూబిలీ అనే గుర్రం మీద రజత పతకం గెలిచింది. 1956లో మరోసారి! ఆమెను చూశాక యూరప్‌లో అంగవైకల్యం ఉన్నవారికి స్వారీ నేర్పే కేంద్రాలు పెరిగాయి.

ఇందులో మాయ లేదు. గుర్రం మెల్లగా నడుస్తున్నప్పుడు మీ కటి భాగం ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతుంది. మనిషి తన కాళ్ళతో నడిచినప్పుడు కలిగే కదలిక కూడా దాదాపు అదే. పడిపోకుండా నిలదొక్కుకోవడానికి నడుము, పొట్ట, వెన్ను కండరాలు తమంతట తామే పనిచేస్తాయి. అందుకే పుట్టుకతో మెదడు దెబ్బతిని కాళ్ళు బిగుసుకుపోయిన కొందరు పిల్లలకు, శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో దీన్ని వాడతారు.

మరి మనసు సంగతి? గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కాబట్టి సదా అప్రమత్తంగా ఉంటుంది. మీరు ఒళ్ళు బిగించి, పగ్గాలు గట్టిగా లాగి కూర్చుంటే మీ కంగారు దానికి తెలిసిపోతుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. మీరు ఊపిరి నెమ్మదిగా వదిలితే అదీ కుదుటపడుతుంది. ఆఫీసులో దాచిపెట్టగలిగిన చిరాకును ఇక్కడ దాచలేరు సుమా! పైగా జీను మీద ఉన్నంతసేపూ వాయిదా కట్టాల్సిన అప్పు గుర్తుకు రాదు. పచ్చిక వాసన, డెక్కల చప్పుడు, అరచేతికి తగిలే వెచ్చని మెడ, వీటిమీదనే ధ్యాస. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి సుమారు 30 నుంచి 40 సార్లే కొట్టుకుంటుంది. దాని పక్కన కాసేపు నిలబడి జూలు దువ్వినా చాలు, చాలామందికి మనసు తేలికపడుతుంది.

అయితే ఒక్క మాట. తేలికపడటం వేరు, జబ్బు నయమవడం వేరు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్రా ఆకలీ చెడినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవండి. మాత్రలు వాడుతున్నవారు స్వారీ మొదలుపెట్టామని వాటిని మానకూడదు. చచ్చిపోవాలన్న తలంపు వస్తే ఆ రోజే ఇంట్లోవాళ్ళకు చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

గర్భిణులు, వెన్నుపూస డిస్కు జారినవారు, ఎముకలు గుల్లబారినవారు, మూర్ఛ అదుపులో లేనివారు డాక్టరు ఒప్పుకోకుండా గుర్రం ఎక్కవద్దు. (లిస్ హార్టెల్ కథ చదివి సాహసం చెయ్యకండి. ఆమె చిన్నప్పటినుంచీ స్వారీలో ఆరితేరిన మనిషి.) తలకు హెల్మెట్ తప్పదు. మడమ ఉన్న బూట్లు వేసుకుంటే పాదం రికాబులోంచి దూరిపోయి చిక్కుకోదు. గుర్రపు పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి గనుక టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి.

దగ్గర్లో గుర్రం లేదంటారా? పొద్దున్నే చెరువు గట్టు మీద అరగంట నడవండి, పక్కింటి ఆవుకు గడ్డి వెయ్యండి. అదీ కొంత మేలే.

గుర్రం దొరికితే మాత్రం వెనకనుంచి వెళ్ళకండి, సరిగ్గా తన వెనక ఏముందో దానికి కనబడదు. పలకరిస్తూ, పక్కనుంచి భుజం వైపుగా వెళ్ళండి. క్యారెట్టు పెట్టాలనిపిస్తే యజమానిని అడిగి, అరచెయ్యి చాపి పెట్టండి. వేళ్ళు మడిచారో, వాటినీ క్యారెట్లే అనుకుంటుంది!