క్యాసెట్టే నెగ్గింది

1982 జనవరిలో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద కొన్ని పాటలు పాడుకున్నాడు. బ్యాండుకు వినిపించడానికి చేసిన నమూనాలవి. ఆ క్యాసెట్‌ను పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగేవాడట. తర్వాత స్టూడియోలో అవే పాటలు మళ్లీ పాడితే శబ్దం శుభ్రపడింది గానీ వాటిలోని ఒంటరితనం ఎగిరిపోయింది. చివరికి ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బమై అదే ఏడాది సెప్టెంబరులో విడుదలైంది. కాబట్టి దిద్దేకొద్దీ పాట మెరుగవుతున్నంతసేపే దిద్దాలి. శబ్దం ఒక్కటే మెరుగవుతుంటే ఆపేయడం మేలు.

అంత పేరున్నవాడు కాబట్టి చెల్లింది అనొచ్చు. కొంత నిజమే. అయితే ఇంట్లో పాడి రికార్డు చేసుకునే మన పాటల్లోనూ లోపాలన్నీ ఒక్క తీరువి కావు. గొంతు పెంచినచోట రికార్డింగు తట్టుకోలేక శబ్దం పగిలితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు, మళ్లీ పాడాల్సిందే. పాట తెలియనివాళ్లకు మాటలు అందకపోయినా అంతే. వెనక సన్నటి ఫ్యాను హోరు, చరణం ముందు పీల్చిన ఊపిరి మాత్రం చాలామంది పట్టించుకోరు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదే పదే వినే మనకే అవి కొండంతగా తోస్తాయి. అందుకే రికార్డింగును ఒకరోజు వదిలేసి, మామూలు ఫోన్ స్పీకర్‌లో తక్కువ సౌండుతో వినండి. పల్లవి అయ్యేసరికీ ధ్యాస ఫ్యాను మీదే ఉంటే, దాన్ని ఆపి (ఎండాకాలంలో కష్టమే అనుకోండి) ఇంకో టేకు తీసుకోండి.