కోట, దుర్గము, పాళెము



మాటలు కోటలు దాటునుగాని కాళ్లు గడప దాటవని మన పెద్దలు సోమరిపోతును గూర్చి చెప్పుదురు. నేడు నేను మాటను కోట దాటనీయక, దానియొద్దనే నిలిపి, కోటలకు సంబంధించిన కొన్ని పదములను గూర్చి ముచ్చటింపదలచితిని. మన నెల్లూరు సీమలో గోడలు కూలినచోట్లను పేళ్లు నిలిచియున్నవి. ఆ పేళ్ల యర్థము నెఱిగినచో ఊరి చరిత్రమునకు తాళపుచెవి దొరకినట్లే.

మొదట కోటకును దుర్గమునకును గల భేదమును గమనింపుడు. కోట దక్షిణ భాషల కెల్ల చుట్టమైన మాట. తమిళులు కోట్టై యందురు. కన్నడిగులు కోటె యందురు. దుర్గము సంస్కృతపదము. చొరశక్యము కానిదని దాని యర్థము. గోడ కట్టిన కోట యగును. చోటు దుర్గమమైన దుర్గ మగును. అందుచేతనే కౌటిల్యుడు దుర్గములను నీటిచేత, కొండచేత, ఎడారిచేత, అడవిచేత కాపాడబడునవి యని నాలుగు విధములుగా విభజించెను. గోడ యెత్తు నాతడు విభజనకు ఆధారముగా గొనలేదు.

ఈ భేదమునకు ఉదయగిరియే నిదర్శనము. అచ్చట పూర్వము పదుమూడు కోట లుండెడివి: కొండమీద ఎనిమిది, క్రింద అయిదు. కొండయు కోటలును గలిసి యొక్క గిరిదుర్గము. గజపతుల యధీనమందున్న యా దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో వశపఱచుకొనెను. గోడ నెక్కుటకు నిచ్చెన చాలును. కొండను లొంగదీయుటకు కాలము కావలెను.

నెల్లూరు పట్టణపు కోట యట్టిది గాదు. అది బయలున మట్టిగోడలతో వెలసిన కోట. అయినను తక్కువదని తలంపరాదు. 1757లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు దానిని ముట్టడించియు పట్టుకొనజాలక మరలిపోయెను. నేడు ఆ పట్టణమున కోటమిట్ట యను పేట కలదు. అచ్చటనే దర్గామిట్టయు నున్నది. ఒకటి కోటను, వేఱొకటి దర్గాను స్మరింపజేయును. దర్గాను దుర్గముగా భ్రమించినచో చరిత్రము తలక్రిందులగును.

ఇక కోట యవయవములు. చుట్టుగోడ ప్రాకారము. గోడ మూలలయందు ముందుకు పొడుచుకొనివచ్చిన కట్టడము కొత్తళము, దానినే బురుజందుము. బురుజు, కిల్లా యనునవి అరబ్బీ మాటలు. పారసీకము నోట మనకు వచ్చినవి. పెద్ద వాకిలి మూసినపుడు మనుష్యుడు వంగి దూరు చిన్నత్రోవ దిడ్డి. గోడవెలుపలి నీటికాలువ అగడ్త.

ఒకప్పుడు నేనొక పల్లెలో వాననీరు నిలిచిన పల్లమును జూచి "ఈ కుంట బాగున్నది" అంటిని. ప్రక్కనున్న వృద్ధకర్షకుడు నవ్వి, "అయ్యా, కుంటకు మూలలుంటాయా? ఇది అగడ్త" అనెను. తిరిగి చూచితిని. ఆ నీరు దిబ్బచుట్టును నలుచదరముగా మలుగుచుండెను. దిబ్బమీద నొక యిటుకయైన లేదు. ఆ యొక్క మాటయే అచ్చటి కోటకు మిగిలిన సాక్ష్యము. అతని మనుమలు దానిని కుంట యనుచున్నారు. మాట మాఱినచో కోట రెండవమాఱు కూలినట్లే గదా!

సముద్రతీరమునకు పోదము. దుగరాజపట్నమున, ఆంగ్లేయులు ఆర్మగామని పిలిచినచోట, వారి వర్తకసంఘము 1626లో ఫ్యాక్టరీని స్థాపించెను. ఆ కాలమున ఫ్యాక్టరీ యనగా యంత్రశాల కాదు, వర్తక ప్రతినిధుల కొఠీ. 1628 నాటికి దానిని పండ్రెండు ఫిరంగులు కాపాడుచుండెను. ఆ విధముగా కొఠీ కోటయయ్యెను. 1640లో వారు మద్రాసునకు తరలి సెంటు జార్జి కోటను కట్టనారంభించిరి. ఆ యూరిపేరు దుర్గరాజపట్నమని కూడ వ్రాయుదురు. అందలి దుర్గశబ్దమును జూచి కోటవలన వచ్చినపేరని నిర్ణయింపరాదు. దుగరాజనగా ప్రాచీన శాసనములయందు యువరాజు.

పాళెమను మాటయు నట్టిదే. తొలుత అది సేన విడిసిన చోటు. పాళెగాడను మాట దానినుండియే పుట్టెను. నేడు మన తీరమున బెస్తల గుడిసెలున్నచోటును, రైతుల యిండ్లున్నచోటును పాళెమే. కావున పాళెమని వినినంతనే దండును వెదకరాదు. దండు లేదని త్రోసివేయనురాదు. ఊరి పెద్దల నడుగవలెను.

కడపట నొక చక్కని తెలుగు మాట: పెట్టనికోట. ఎవ్వరును కట్టకయే కాచునది. మన తీరమున ఉప్పెన కడ్డుపడు ఇసుకదిబ్బలు పెట్టనికోటలే. వానిని త్రవ్వి బండ్లకెత్తువారు కోటగోడను పడగొట్టుచున్నామని యెఱుంగరు.

పెద్దలారా, మీ యూరి దిబ్బకు, పల్లమునకు, గట్టునకు మీ తాతలు వాడిన పేళ్లను ఒక కాగితముమీద వ్రాసి, మీ మనుమలచే చదివింపుడు. ఱాళ్లను నిలుపుట కెంతయో ధనము కావలెను. మాటను నిలుపుటకు మీ నోరు చాలును.