అడగకుండానే జరగాల్సిన తనిఖీ

బ్రిటన్‌లో సొంత ఇంట్లో ఉండేవాళ్లు తమ గ్యాస్ బాయిలర్‌ను ఏళ్ల తరబడి ఎవరికీ చూపించకపోయినా ఎందుకని అడిగే చట్టం లేదు. అదే ఇంటిని అద్దెకిచ్చారంటే లెక్క మారిపోతుంది. 1998 నాటి గ్యాస్ సేఫ్టీ నిబంధనల్లో 36వది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో ఇల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానికీ ఒక బాధ్యత పెట్టింది. ఇంట్లో తాను అమర్చిన గ్యాస్ పరికరాలను, వాటి పొగగొట్టాలను పన్నెండు నెలలు దాటకుండా అర్హత ఉన్న ఇంజినీరుతో తనిఖీ చేయించాలి. తనిఖీ ఫలితం రాసిన పత్రం నకలు అప్పటికే ఉంటున్నవాళ్లకు 28 రోజుల్లోగా ఇవ్వాలి, కొత్తగా వచ్చేవాళ్లకైతే వాళ్లు ఇంట్లో దిగకముందే ఇవ్వాలి. పత్రాలను కనీసం రెండేళ్లు దాచాలి. ఇది మున్సిపాలిటీ చలానాతో పోయే వ్యవహారం కాదు. ఉల్లంఘన క్రిమినల్ నేరం, జరిమానాతో పాటు జైలుశిక్షకూ అవకాశం ఉంది. సొంతింటివాళ్లకు లేని ఈ నిర్బంధం తమ నెత్తిన మాత్రమే ఎందుకని అక్కడి ఇంటి యజమానులు చాలాకాలంగా గొణుగుతూనే ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ చట్టంలోని తెలివంతా ఆ తేడాలోనే ఉందని నా వాదన. సొంతింట్లో మరమ్మతు వాయిదా వేసి డబ్బు మిగుల్చుకునేవాడు, ఆ వాయిదా వల్ల వచ్చే ముప్పును పీల్చేవాడు ఒక్కడే. అద్దె ఇంట్లో మిగులు ఒకరిది, ముప్పు ఇంకొకరిది.

ఆ ముప్పు ఎలాంటిదో తెలిస్తేగానీ ఏడాదికోసారి అన్న పట్టుదల అర్థం కాదు. గ్యాస్ అనగానే మనకు లీకు, పేలుడు గుర్తొస్తాయి. లీకుకు వాసన ఉంటుంది, వాసన కోసమే గ్యాస్‌లో ఒక ఘాటైన రసాయనం కలుపుతారు. వాసన లేనిది కార్బన్ మోనాక్సైడ్. బ్రిటన్ ఇళ్లకు ఒకప్పుడు బొగ్గు నుంచి తీసిన గ్యాస్ వచ్చేది. అందులో ఈ విషవాయువు ముందే కలిసి ఉండేది. 1967లో మొదలై దాదాపు పదేళ్లు సాగిన భారీ మార్పిడిలో దేశమంతా ఉత్తర సముద్రపు సహజ వాయువుకు మారింది. సహజ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ లేదు. దాంతో విషం బెడద పోయిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. పూర్తిగా పోలేదు. ఒక పాలు సహజ వాయువు సరిగ్గా మండాలంటే సుమారు పది పాళ్లు గాలి కావాలి. బర్నర్‌లో దుమ్ము పేరుకున్నా, గదిలోకి గాలి వచ్చే దారి మూసుకుపోయినా, పొగగొట్టంలో పిట్ట గూడు కట్టినా ఆ లెక్క తప్పుతుంది. మంట అరకొరగా మండుతుంది, గొట్టంలోంచి రాని విషం ఇంట్లోనే తయారవుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, వికారం, నీరసం. చలికాలంలో వచ్చే ఫ్లూకి, దీనికి తేడా తెలియదు. జ్వరం ఉండదు, బయటికి వెళితే తెరిపిగా ఉంటుంది, ఇంటికొస్తే మళ్లీ మొదలవుతుంది, గుర్తులు అంతే. కిటికీలు బిగించి, రాత్రంతా హీటింగ్ నడిచే రోజుల్లోనే ముప్పు ఎక్కువ. ఆ సమయానికి మనిషి నిద్రలో ఉంటాడు.

కాబట్టి ఇంట్లో ఉంటున్నవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి అన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ. నీలంగా, చురుగ్గా ఉండాల్సిన మంట పసుపుగా సోమరిగా ఊగుతుంటే అనుమానించవచ్చు. బాయిలర్ చుట్టూ మసి మరకలు, పైలట్ మంట పదేపదే ఆరిపోవడం, కిటికీ అద్దాలకు మామూలుకు మించి చెమ్మ పట్టడం కూడా హెచ్చరికలే. కానీ ఇప్పటి బాయిలర్లలో మంట మూసిన పెట్టె లోపల ఉంటుంది, పొగగొట్టం గోడలోంచో పైకప్పు మీదుగానో పోతుంది. అద్దెకున్నవాళ్లు ఆ పెట్టె విప్పకూడదు, విప్పినా వాళ్లకు అర్థం కాదు. ఇంజినీరు చూసేది వేరు. పొగ పూర్తిగా బయటికి పోతోందా, మండడానికి చాలినంత గాలి అందుతోందా, పరికరానికి గ్యాస్ ఎంత ఒత్తిడితో వస్తోంది, ప్రమాదం రాగానే ఆపేసే ఏర్పాట్లు పనిచేస్తున్నాయా అన్నవి కొలిచి రాస్తాడు. లోపం తీవ్రమైతే దాన్ని తక్షణ ప్రమాదంగానో, ప్రమాదానికి ఆస్కారం ఉన్నదిగానో నమోదు చేసి, యజమాని అనుమతితో గ్యాస్ ఆపేస్తాడు. ఈ పని చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉండాలి. 2009 ఏప్రిల్ 1న కోర్గి అనే పాత నమోదు సంస్థ స్థానంలో వచ్చిన జాబితా ఇది. ఇంజినీరు గుర్తింపు కార్డుకు వెనకవైపు అతను ఏయే పరికరాల మీద పని చేయవచ్చో ఉంటుంది, తలుపు దగ్గర ఆ వైపు కూడా తిప్పి చూడడం మంచిది. పాత సంస్థ ఫారం నంబరు మాత్రం వాడుకలో మిగిలిపోయింది. ఈ పత్రాన్ని ఓనర్లు, ఏజెంట్లు ఇప్పటికీ సీపీ12 అనే అంటారు.

ఇదంతా సాంకేతిక వివరం. నా దృష్టిలో అసలు విషయం క్యాలెండరులో ఉంది. అద్దె ఇళ్లలో చాలా మరమ్మతులు అద్దెదారు ఫిర్యాదుతో మొదలవుతాయి. కొళాయి కారుతోందని, గోడకు చెమ్మ పడుతోందని చెప్పాలి. చెప్పడానికి ధైర్యం కావాలి. ఇంగ్లండ్‌లో దాదాపు అయిదో వంతు కుటుంబాలు ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉంటాయి. 1988 హౌసింగ్ చట్టంలోని సెక్షన్ 21 కింద, కారణం చెప్పకుండానే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే హక్కు ఓనర్లకు దశాబ్దాలపాటు ఉండేది. అలాంటి చోట బాయిలర్ సంగతి పదేపదే ఎత్తే అద్దెదారు తన తలనొప్పిని, ఇల్లు పోతుందన్న భయాన్ని పక్కపక్కన పెట్టి తూచుకుంటాడు. పన్నెండు నెలల గడువు ఆ తూకాన్ని తీసేసింది. అద్దెదారు అడిగినా అడగకపోయినా, ఓనరుతో సఖ్యంగా ఉన్నా లేకపోయినా, ఇంగ్లీషు బాగా వచ్చినా రాకపోయినా ఆ తేదీ వస్తుంది. మొహమాటస్తుడికీ, పోట్లాడేవాడికీ ఒకే రక్షణ.

ఆ తేదీకి పదును పెట్టడానికి చట్టం సెక్షన్ 21నే వాడుకోవడం విశేషం. 2015 నుంచి కొత్త అద్దె ఒప్పందాల్లో గ్యాస్ పత్రం ఇవ్వని ఓనరు ఆ నోటీసు ఇవ్వలేడన్న షరతు వచ్చింది. అంటే ఖాళీ చేయించాలంటే ముందు చేతులు శుభ్రంగా ఉండాల్సి వచ్చింది. పత్రం ఆలస్యంగా ఇస్తే సరిపోతుందా అన్న తగాదా అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. 2020లో ట్రెకారెల్ హౌస్ కేసులో తనిఖీ అద్దెదారు రాకముందే జరిగింది, పత్రం మాత్రం నెలల తర్వాత చేతికొచ్చింది. నోటీసు కంటే ముందు ఇచ్చాడు కాబట్టి చెల్లుతుందని ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు అన్నారు. ఇంట్లో దిగకముందే అని చట్టం రాసిన మాటకు ఆ తీర్పు తర్వాత బరువు తగ్గిందనే నాకనిపిస్తుంది. ఇక 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ అసలు సెక్షన్ 21నే రద్దు చేసింది, ప్రైవేటు అద్దెలకు 2026 మే 1ని అమలు తేదీగా ప్రకటించారు. అద్దెదారులకు ఇది పెద్ద ఊరట, ఎవరూ కాదనలేరు. కానీ దానితో పాటే గ్యాస్ పత్రానికి ఉన్న కొక్కెం కూడా ఊడిపోతుంది. శిక్ష పడేలా చూడడం పూర్తిగా బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య, భద్రతా విభాగం చేతిలోనే మిగులుతుంది. అది వేసే కేసుల సంఖ్యను బట్టే ఇకపై ఓనర్లలో భయభక్తులు ఉంటాయి.

అభ్యంతరాల్లో మొదటిది ఖర్చు. తనిఖీ డబ్బు ఓనరు జేబులోంచి పోయినట్టే కనిపించినా చివరికి అద్దెలో కలుస్తుందంటారు. కలవొచ్చు. కానీ పన్నెండు నెలల అద్దె మీద పంచితే అది ఇంటి అద్దెల పెరుగుదలలో లెక్కకు రాని మొత్తం, పైగా ఓనర్లందరికీ సమానంగా పడే భారం కాబట్టి నిజాయితీపరుడు పోటీలో నష్టపోడు. రెండోది కాస్త బలమైనది: అలారం పెడితే చాలదా? ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు 1 నుంచి, వంట స్టవ్ మినహా స్థిరంగా అమర్చిన ఇంధన పరికరం ఉన్న ప్రతి నివాసపు గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని నియమం వచ్చింది. అది మంచి నియమమే. కానీ అలారం మోగేది విషం గదిలోకి వచ్చాక. తనిఖీ పట్టుకునేది విషం పుట్టబోయే లోపాన్ని. పైగా అలారానికి బ్యాటరీ అయిపోతుంది, దాని గడువూ తీరుతుంది. అవి రెండూ చూడాల్సిన మనిషి మళ్లీ ఆ ఇంట్లో ఉండేవాడే.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇదంతా కాగితం తంతుగా మారిందని, కొందరు ఇంజినీర్లు పది నిమిషాల్లో పెట్టెలన్నిటికీ టిక్కులు కొట్టి వెళ్లిపోతారని అంటారు. తనిఖీ అంటే సర్వీసింగు కాదన్నది కూడా నిజం. పరికరాన్ని విప్పి శుభ్రం చేయడం వేరే పని. పత్రం ఉన్నంత మాత్రాన బాయిలర్ ఏడాదంతా క్షేమంగా ఉంటుందని హామీ లేదు. అయితే చట్టం ఇక్కడ ఓనర్లు అనుకునేదానికంటే ఒక అడుగు ముందుంది. అదే 36వ నిబంధన ఏడాది తనిఖీకి ముందే, పరికరాలను ఎల్లవేళలా సురక్షితంగా ఉంచే బాధ్యతను కూడా యజమాని మీద పెట్టింది. తనిఖీ ఆ బాధ్యతకు రుజువు అడిగే రోజు మాత్రమే. ఇంకా చెప్పాలంటే, పత్రం మీద ఇంజినీరు పేరు, రిజిస్టరు నంబరు, సంతకం ఉంటాయి. ఏదైనా జరిగిననాడు ఎవరు చూశారు, ఏం చూశారు అన్నది వెతుక్కోనక్కర్లేదు. టిక్కు కొట్టే చెయ్యి కూడా ఆ సంతకం దగ్గర ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

ఓనర్ల మరో మొరలో మాత్రం నిజం ఉంది. ఇంజినీరు వచ్చినప్పుడు అద్దెదారు తలుపు తీయకపోతే? యజమాని బలవంతంగా లోపలికి వెళ్లకూడదు. తగిన ప్రయత్నాలన్నీ చేసి, వాటిని రాతలో ఉంచుకుంటే చట్టం ముందు అది సమర్థన అవుతుంది, అవసరమైతే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఈ భయంతో పెద్ద సంస్థలు పది నెలలకే తనిఖీ మొదలుపెట్టేవి. దాంతో ప్రతి ఏడాదీ తేదీ వెనక్కి జరిగి, కొన్నేళ్లకు ఒక తనిఖీ అదనంగా పడేది. 2018లో దాన్ని సవరించి, గడువుకు రెండు నెలల ముందు దాకా ఎప్పుడు చేయించినా పాత తేదీనే కొనసాగించేలా చేశారు. ఫిర్యాదు సహేతుకమైతే గడువు సారం చెడకుండా సర్దుకోవచ్చని ఇది చూపిస్తుంది.

చట్టంలో కంతలు లేవని కాదు. అద్దెదారు తన వెంట తెచ్చుకున్న, వెళ్తూ తీసుకుపోగల పరికరం ఈ తనిఖీ కిందకు రాదు. అంటే బాయిలర్ పరీక్షలో ఉంటుంది, పక్కన అద్దెదారు కొన్న గ్యాస్ స్టవ్ ఉండకపోవచ్చు. స్టవ్‌ను తేలిగ్గా తీసుకోలేం. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లోని రోనాన్ పాయింట్ టవర్‌లో 18వ అంతస్తులో ఒకామె టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీసింది. పేలుడుకు ఇరవై రెండు అంతస్తుల భవనం ఒక మూల మొత్తం కుప్పకూలింది, నలుగురు చనిపోయారు. స్టవ్‌ను గ్యాస్ గొట్టానికి కలిపే చోట నాసిరకం ఇత్తడి నట్టు ఉన్నట్టు విచారణలో తేలింది. ఆ తర్వాత రెండేళ్లకే గ్యాస్ పనివాళ్ల నమోదు సంస్థ కోర్గి పుట్టింది. అంత పాఠం నేర్పిన స్టవ్ గొట్టమే, అది అద్దెదారుదైతే, నేటికీ వార్షిక తనిఖీకి బయట ఉండడం నాకు వింతగానే ఉంది.

ఈ కంతల్లో మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలేది ఇంకొకటుంది. బ్రిటన్‌కు చదువుకు వెళ్లిన తెలుగు విద్యార్థులు ఖర్చు కలిసొస్తుందని ఒక ఇల్లు కలిసి తీసుకోవడం, ఒకరి పేరు మీద ఒప్పందం రాసుకుని మిగతా గదులు తోటివాళ్లకు ఇవ్వడం మామూలే. గది ఇచ్చి అద్దె తీసుకున్నవాడు చట్టం దృష్టిలో అసలు ఓనరుతో పాటు తానూ యజమాని బాధ్యతల్లో కొంత నెత్తికెత్తుకున్నట్టే. వాట్సాప్ గ్రూపులో గది ఖాళీ ఉందని పెట్టే తమ్ముడికి ఆ సంగతి తెలియాలి. గది వెతికే చెల్లి అద్దె ఎంత, స్టేషను ఎంత దూరం అన్నవాటితో పాటు గ్యాస్ పత్రం మీద తేదీ ఎప్పటిదని అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. వాసన వచ్చినా అనుమానం కలిగినా ఏ వేళలోనైనా 0800 111 999కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మన దగ్గర సంగతి వేరు అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడ సిలిండర్ కనెక్షన్ సాధారణంగా ఉంటున్నవాళ్ల పేరు మీదే ఉంటుంది, దానితో జాగ్రత్త కూడా వాళ్లదే అన్న భావన స్థిరపడింది. కానీ బాత్రూంలో ఓనరు బిగించిన గ్యాస్ గీజర్ ఎవరిది? పొగగొట్టం లేకుండా, కిటికీ తలుపులు మూసిన చిన్న గదిలో అది నడిస్తే లండన్ బాయిలర్ చేసే హానే ఇంకా వేగంగా చేస్తుంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఎవరు ఏ మరమ్మతు చేయించాలో జాబితా ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, గీజర్ మరమ్మతును అందులో అద్దెదారు వాటాలో వేశారు, కరెంటుదా గ్యాస్‌దా అన్న తేడా కూడా చెప్పకుండా. మరమ్మతు అంటే పాడయ్యాక చేసే పని. పాడవకముందు ఎవరు చూడాలి, ఎన్నాళ్లకోసారి చూడాలి అన్నది ఆ జాబితాలో లేదు. రాష్ట్రాలు తమ చట్టాల్లో దీన్ని మార్చుకోవచ్చు. గోడకు బిగించిన గ్యాస్ గీజర్‌ను యజమాని వరుసలోకి మార్చి, పక్కన ఏడాదికోసారి అని చేర్చితే మొదలుపెట్టడానికి సరిపోతుంది.