బ్లాకు పగిలింది సరే, ఎక్కడ పగిలింది?

మెకానిక్ నోటి వెంట "బ్లాక్ క్రాకయింది" అన్న మాట వినగానే మనలో చాలామంది కారు మీద ఆశ వదులుకుంటారు. డేటాబేస్ కరప్టయిందని ఎవరైనా అంటే ఏ టేబులు, ఎప్పటినుంచి, బ్యాకప్ ఉందా అని పది ప్రశ్నలు వేసే మనం ఇక్కడ ఒక్కటీ అడగం. అడగాల్సింది ముఖ్యంగా ఒకటే: పగులు ఎక్కడ?

ముందు బ్లాకంటే ఏమిటో చూద్దాం. పిస్టన్లు ఆడే సిలిండర్లున్న లోహపు దిమ్మ అది. పోత ఇనుముతో గానీ అల్యూమినియంతో గానీ పోస్తారు. సిలిండర్ల చుట్టూ కూలెంటు తిరగడానికి బోలుగా దారులుంటాయి, వాటినే వాటర్ జాకెట్ అంటారు. బ్లాకు మీద హెడ్డు, రెండిటి మధ్యా హెడ్ గాస్కెట్టు. ఇంజన్ విపరీతంగా వేడెక్కినా, కాగిపోతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోసినా, పోతలోనే లోపమున్నా బ్లాకు పగలొచ్చు. మనవాళ్ళకి కొత్తగా అనిపించే కారణం ఇంకోటుంది, గడ్డకట్టడం. రేడియేటర్లో నీళ్ళు తగ్గితే కుళాయి నీళ్ళు పోసేయడం విజయవాడలో చెల్లుతుంది, డాలస్‌లో కూడా చాలావరకు చెల్లుతుంది. మినియాపోలిస్‌లో చెల్లదు. నీరు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. జాకెట్లో ఆ 9 శాతానికి చోటు లేదు.

2014 డిసెంబరులో మా టీములో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడి కారుకి జరిగిందదే. డాలస్‌లో వేసవంతా ఉత్త నీళ్ళు పోసుకుంటూ తిరిగిన పాత కారుని, ప్రాజెక్టు మారిందని ఇక్కడిదాకా నడుపుకొచ్చాడు. ఒక రాత్రి బయట పెడితే తెల్లారి కారు కింద మడుగు. "అన్నా, ఇంజన్ పోయిందంట. మార్చాలంటే మూడువేల ఎనిమిదొందలు, లేదంటే మూడొందలిచ్చి కారు వాళ్ళే తీసుకుంటారంట" అన్నాడు. ఏ పరీక్ష చేసి చెప్పారంటే అతని దగ్గర జవాబు లేదు. దేశానికొచ్చి ఆరు నెలలు, ఆఫీసు దారిలో బస్సు లేదు. టో చేయించి మా గరాజులో పెట్టి, హీటరేసి, ఒక రోజంతా లోపలి మంచు కరగనిచ్చాం. మంచున్నంతసేపూ ఏ పరీక్షనీ నమ్మలేం.

బయటికి కనిపించే లక్షణాలు మీకు తెలిసే ఉంటాయి. కూలెంటు ఎటు పోతోందో తెలీకుండా తగ్గడం, తియ్యటి వాసనతో తెల్లపొగ, పాలు కలిపిన కాఫీ రంగుకొచ్చిన ఆయిలు. చిక్కేమిటంటే గాస్కెట్టు పోయినా ఇవే వస్తాయి. ఇంకో మాట. చలికాలంలో దగ్గర దూరాలే తిరిగే కార్లకి ఆయిల్ మూత కింద మీగడలాంటిది పేరుకుంటుంది. అది చెమ్మ. డిప్‌స్టిక్ మీద ఆయిలు బాగుంటే దానికి కంగారు పడక్కర్లేదు.

మొదటి పరీక్ష ప్రెషర్ టెస్టు. పనిముట్టు ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి (వేడిమీద తీస్తే మొహం కాలుతుంది), మూత మీద రాసివున్న ప్రెషర్ దాకా, చాలా కార్లకి 13 నుంచి 16 పీఎస్‌ఐ, పంపు కొట్టాలి. ముల్లు దిగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

మా కుర్రాడి కారులో బ్లాకు పక్కనున్న ఫ్రీజ్ ప్లగ్గు ఒకటి ఊడి కనిపించింది. పోత పోశాక లోపలి ఇసుక తీసిన కంతలకి వేసే బిరడాలివి. పేరు చూసి బ్లాకుని కాపాడ్డానికే పెట్టారనుకుంటారు గానీ, ప్లగ్గు ఊడినంత మాత్రాన బ్లాకు బతికినట్టు కాదు. కొత్తది బిగించి మళ్ళీ పంపు కొట్టాం. ముల్లు మెల్లగా దిగింది. టార్చి వేస్తే ప్లగ్గు పక్కన రెండంగుళాల సన్నగీత, దాని వెంట చెమట పట్టినట్టు బొట్లు. పగులు నిజమే!

ఇక లోపలికి పాకిందా అన్నదే ప్రశ్న. దీనికి బ్లాక్ టెస్టరని ఒకటుంది. ఇంజన్ నడిపి, రేడియేటర్లోంచి వచ్చే గాలిని నీలం ద్రవంలోంచి లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్లోకి చేరితే నీలం పసుపవుతుంది. అలా మారినా తప్పు గాస్కెట్టుదా, హెడ్డుదా, బ్లాకుదా అన్నది మాత్రం అది చెప్పదు. మాకు నీలం నీలంగానే ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెషనూ దగ్గర దగ్గరగా వచ్చింది. రాత్రంతా కదపకుండా ఉంచి ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గు వదులు చేశాం. నీళ్ళుంటే బరువు కాబట్టి అవే ముందు కారతాయి. ఆయిలే వచ్చింది. అంటే పగులు జాకెట్ పైగోడకే పరిమితం.

పోత ఇనుప బ్లాకు కాబట్టి, మెషిన్ షాపువాళ్ళు ఇంజన్ దించకుండానే కుట్టేశారు. పగులు వెంట వరసగా కంతలు తొలిచి, మరలు కోసి, ఒకదాన్నొకటి పట్టుకునేలా లోహపు పిన్నులు బిగిస్తారు. దీన్ని మెటల్ స్టిచింగ్ అంటారు. వేడితో పని లేదు. మామూలు వెల్డింగ్ చేస్తే పోత ఇనుము చల్లారేటప్పుడు పక్కన ఇంకో పగులు రావచ్చు. ఎపాక్సీ పూత కూడా బయటి పగులుకి కొన్నాళ్ళు ఆగుతుంది. రేడియేటర్లో పోసే సీలెంట్ సీసాలు మాత్రం నాకు నచ్చవు. హీటర్ కోర్ పూడుకుపోతే ఈ ఊళ్ళో జనవరి గడవదు.

పగులు సిలిండర్ గోడలో ఉంటే ఇంజన్ దించి స్లీవు వెయ్యాలి. పాత కారుకి ఆ ఖర్చు గిట్టుబాటు కావడం అరుదు. క్రాంకు షాఫ్టుని మోసే చోట పగిలితే ఆ బ్లాకుని మర్చిపోండి. జంక్‌యార్డు ఇంజన్ వెతుక్కోవడమో, ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకోవడమో నయం.

పోత లోపాలకి పేరుమోసిన ఉదాహరణ హోండా సివిక్. 2006 నుంచి 2008 దాకా, కొన్ని 2009 మోడళ్ళలోనూ బ్లాకు పగిలి కూలెంటు కారడంతో, హోండా ఆ భాగానికి వారంటీని 10 ఏళ్ళకి పెంచింది. ఆ గడువు ఇప్పుడు తీరిపోయింది కాబట్టి, అలాంటి సివిక్ ఎవరైనా చవగ్గా ఇస్తుంటే బ్లాకు మార్చిన కాగితాలడగండి. మీ కారేదైనా సరే, డబ్బు కట్టేముందు దాని విన్ నంబరుతో డీలర్ని అడిగితే ఇలాంటి పొడిగింపులుంటే చెబుతారు.

కూలెంటు, నీళ్ళు సగంసగం కలిపితే సుమారు మైనస్ 34 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టదు. ఉత్తరాదికి మకాం మారుస్తుంటే చవగ్గా దొరికే హైడ్రోమీటర్‌తో ముందే చూసుకోండి. ఈ పనులన్నిట్లో గరాజు నేల మీద ఒలికిన కూలెంటుని వెంటనే తుడిచెయ్యండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలూ పెంపుడు కుక్కలూ ఆ రుచికి నాకుతారు.