నిరీక్షణ, ఆదరణ: పడమటి ప్రకాశం పల్లెల్లో రెండు మాటలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి వైపు మాదిగ పల్లెల్లో ఒక ఇంట్లో చావు జరిగినా, పంట పోయినా, సాయంత్రానికి పదిమంది చేరి ప్రార్థన పెడతారు. అక్కడ తరచూ వినపడే మాటలు రెండు. ఒకటి నిరీక్షణ. వాడుకలో అది ఎదురుచూపు, తెలుగు బైబిలులో ఆశ. రెండోది ఆదరణ. వాడుకలో మర్యాదగా చేరదీయడం, బైబిలులో ఓదార్పు. ఈ మాటలు మిషనరీల పుస్తకంలో వచ్చినా, పల్లెలో వాటికి అర్థం చెప్పింది మాదిగ బోధకులే. చరిత్రను క్లౌ దొర కథగా చెప్పుకుంటూ పోతే ఈ సంగతి కనపడదు.

యర్రగుంట్ల పేరయ్యను చూడండి. ఊరు ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరాన తాళ్లకొండపాడు. చేసేది తోళ్ల బేరం. రాజయోగం నేర్చిన మనిషి కాబట్టి నలుగురిలో మన్నన ఉండేది. దొరలు వచ్చేదాకా ఇక్కడ అంతా చీకటేనన్న మాట అబద్ధమని ఈ ఒక్క జీవితమే చెబుతుంది. బేరానికి ఉత్తరంగా పోయినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ, ఒంగోలుకు ఒకరు వస్తారు, కాచుకో అన్నాడు. పేరయ్య కాచుకుని ఊరికే కూర్చోలేదు, విన్నదంతా తనవాళ్లకు చెబుతూ వచ్చాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వచ్చేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు.

చేరినవాళ్లకు మూడు కట్టుబాట్లు పెట్టారు: ఆదివారం పని వద్దు, చచ్చిన గొడ్డును తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. పైకి ఇవి మత నియమాలే. ఊరి లెక్కలో పెట్టి చూస్తే వేరే. చెప్పులూ, మోటకు తోలూ, జాతరకు డప్పూ, పిలిస్తే వెట్టీ మాదిగ ఇవ్వాలి. ఆదివారం రానన్నవాడు, డప్పు కొట్టనన్నవాడు ఊరి పెత్తనాన్నే కాదన్నట్టు. అందుకే కళ్లంలో రావలసిన గింజలు ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు.

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పని చూసేది బోధకులే. అలసిపోయి కూర్చున్న కూలీల పక్కన కూర్చుని, బరువు మోసేవాళ్లను రమ్మని పిలిచే మత్తయి 11వ అధ్యాయం మాట చెప్పేవాళ్లు. మట్టి తట్ట ఎత్తినవాడికి అది ఉపమానంగా వినపడి ఉండదు. కూటికోసం మతం మారారని నేటికీ అనేవాళ్లున్నారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్నది వాళ్లు తెలుసుకోవాలి. సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి దిగివచ్చే ఏరే అది. కంభంలో మిషన్ స్టేషన్ 1882లో వచ్చింది.

ఇప్పుడు ప్రార్థన గుంపులో కూర్చునేవాళ్లలో పలకల దుమ్ము పీల్చి దగ్గేవాళ్లున్నారు, ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయినవాళ్లున్నారు. ఓర్చుకో, దేవుడు చూస్తాడు అని చెప్పి లేచిపోతే నిరీక్షణలో ఎదురుచూపు మాత్రమే మిగిలింది, పేరయ్య ఆశ పోయింది. అట్లాగని ప్రార్థనను ఎగతాళి చేసే హేతువాద మిత్రులతోనూ మేము కలవలేం. చావు ఇంటికి ఆ రాత్రి నడిచివచ్చింది ఆ పదిమందే కదా.

వెనకటి గింజల తగువు కాగితాల్లోకి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే కట్టబెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన దళితుడు బి.సి.-సి, వాటా ఒక్క శాతం. అందుకే చర్చిలో మరియమ్మగా పాట పాడే పిల్ల బడి రికార్డులో హిందూ మాదిగ. పేరు దాచుకోవలసిన ఆ పిల్లకు ఏ ఆదరణ చెప్పాలి? 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానించింది. ఆ జాబితాను మార్చే అధికారం మాత్రం పార్లమెంటుది.